భిలాయిలో గంజి పెట్టిన కోటు

విజయనగరంలో రైలెక్కింది శుక్రవారం సాయంత్రం ఏడూ పదికి. ఎక్కినవాళ్ళం ఇద్దరం: నేను, మా బడిలో తొమ్మిదో తరగతి చదివే రేవతి. భిలాయిలో పిల్లల ఎయిర్ రైఫిల్ పోటీ ఉంది. ఏ రాష్ట్రం పిల్లలైనా రావచ్చు. నేను చెప్పేది సైన్సు. కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి.లో రెండేళ్ళు రైఫిల్ పట్టానని ఎవరో హెడ్మాస్టరు చెవిన వేయడంతో కోచ్‌నయ్యాను. మూడేళ్ళ కొడుకుని మొదటిసారి వాళ్ళ నాన్న దగ్గర వదిలి బయల్దేరాను. బొబ్బిలి దాటేలోగా నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఐదోసారి ఆయన, "వాడు నిద్రపోయాడు, నువ్వు కూడా పడుకో" అన్నారు.

రేవతికి మాత్రం ఇది సరదా ప్రయాణం కాదు. ఈ పోటీలో నాలుగు వందలకి మూడు వందల అరవై తెచ్చుకుంటే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు వస్తుంది. చదువూ తిండీ శిక్షణా అక్కడే. ఈ మూడు నెలల్లో ఆ పిల్ల ఆ అంకెని ఒక్కసారే దాటింది.

ఎదురు బెర్తు పెద్దాయన మా పొడుగాటి పెట్టెని చూసి, "కీబోర్డా అమ్మా?" అని అడిగారు. తుపాకీ అంటే బోగీలో అందరూ కంగారు పడతారని అవునన్నాను.

"మాదీ భిలాయే. చర్చిలో వాయించే కుర్రోడు ఊరెల్లిపోయాడు. ఎల్లుండి ఆదివారం మీరొచ్చి రెండు పాటలు వాయిస్తారేటి?"

రేవతి కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకుంది. ఈ దారిన వెళ్ళేవాళ్ళకి నా సలహా: తుపాకీ అనుమతి కాగితం పైజేబులో పెట్టుకుని నిజమే చెప్పండి.

శనివారం ఉదయం ఏడున్నరకి పవర్ హౌస్ స్టేషన్లో దిగాం. ఆటోలో వైశాలి నగర్‌లో ఉన్న మా పిన్ని ఇంటికి చేరేసరికి ఎనిమిది. బాబాయి స్టీలు ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. పిన్ని ఉప్మా పెట్టింది, మళ్ళీ పెట్టింది, వద్దంటే నొచ్చుకుంది. పది గంటలకి పేరు నమోదు చేయించడానికి ప్లాంటు టౌన్‌షిప్ సెక్టారులో పోటీ జరిగే హాలుకి వెళ్ళాం. ఆ రోజు కాగితాలు చాలన్నారు కనక సామానంతా ఇంట్లోనే వదిలాం. తప్పు అక్కడే జరిగింది.

ఆదివారం ఎనిమిది గంటలకి సామాను తనిఖీ. పిన్ని కూడా టిఫిన్ క్యారేజీతో వచ్చింది. షూటర్లు వేసుకునే దళసరి కాన్వాసు కోటు ఒంటిని కదలకుండా పట్టి ఉంచుతుంది. మరీ బిరుసుగా ఉంటే అది అన్యాయమైన ఊతమని లెక్క, అందుకే ఎంత వంగుతుందో కొలుస్తారు. సంచిలోంచి తీసి బల్లమీద పెడితే మా కోటు పడుకోలేదు, కూర్చుంది. చేతులకి ఇస్త్రీ గీతలు కూడా ఉన్నాయి.

తనిఖీ అధికారి రెండు వేళ్ళతో వంచబోయి మానుకున్నాడు. "మేడమ్, యే కోట్ నహీ హై, దర్వాజా హై." ఇది కోటు కాదు, తలుపట.

పిన్ని వైపు తిరిగాను.

"మాసిపోయి ఉంటే నిన్న ఉతికీసేను. గంజి కూడా పెట్టి, ఇస్త్రీ చేసి, మళ్ళీ సంచిలో సర్దీసేను" అంది పిన్ని. "ముప్పై ఏళ్ళు మీ బాబాయి ప్లాంటు బట్టలకి పెట్టలేదేటి? ఒక్కరైనా వంక పెట్టారా?"

అధికారి ఇదెవరి పనని హిందీలో అడిగాడు. నాదేనని చెప్పాను. కోటు వాడకూడదని రాసేశాడు. కావాలంటే మామూలు బట్టలతో కాల్చవచ్చట. ఈ కోటు లేకుండా నిలబడలేవని మూడు నెలలుగా రేవతికి నూరిపోసింది నేనే. కోటు లేక ఆ పిల్ల పొద్దుటి చలికి వణుకుతోంది.

పిన్ని తన స్వెట్టర్ విప్పి ఆ పిల్లకి తొడిగింది. "దీనికి గంజి లేదులే, కంగారు పడకు."

అధికారి దాన్నీ నొక్కి చూసి పంపించాడు.

పదింటికి పోటీ మొదలైంది. షూటరు గీత దగ్గర నిలబడ్డాక కోచ్ మాట్లాడకూడదు. వెనక కుర్చీలో కూర్చుని, ఊపిరి వదులు, భుజం దించు, తొందరపడకు అని లోపలే అరుస్తున్నాను. మొదటి పది గుళ్ళకి ఎనభై నాలుగు వచ్చాయి. ఈ లెక్కన సీటు పోయినట్టే. రెండో పదికి తొంభై ఒకటి. మూడో పదికి తొంభై మూడు. చివరి పది నేను చూడలేదు, టిఫిన్ క్యారేజీ మూతని చూస్తూ కూర్చున్నాను. పిన్ని మోచేత్తో పొడిచి, "తొంభై నాలుగంటే మంచిదేనా?" అంది.

మొత్తం మూడు వందల అరవై రెండు.

"చూసేవా మరి" అంది పిన్ని, పులిహోర వడ్డిస్తూ. "నేను గంజెట్టబట్టే కదా, పిల్ల ఒళ్ళు తేలిగ్గా ఆడింది."

నేను ఇంకో గరిటె పులిహోర వేయించుకున్నాను.

సాయంత్రం ఐదున్నరకి తిరుగు రైలు. సోమవారం పార్వతీపురంలో తెల్లవారింది. టీ తాగుతూ, మొదట్లో ఎందుకు తడబడ్డావని రేవతిని అడిగాను. వచ్చే ఏడాది పిల్లలకి చెప్పడానికి పనికొస్తుందని నా ఆశ.

ఆ పిల్ల టీ గ్లాసు కింద పెట్టింది. "మొదటి పదీ మీరు చెప్పినవన్నీ గుర్తుపెట్టుకుని కొట్టాను టీచర్. తర్వాత గుర్తు రాలేదు."

భిలాయి పోటీకి పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళకి ఇంతకన్నా పనికొచ్చే మాట నేను చెప్పలేను. మూడు నెలల శిక్షణలో నేను నోరు మెదపకుండా కూర్చున్నది ఆ గంటసేపే.