ప్రగతి నగర్ నుంచి హైటెక్ సిటీకి: బంద్ రోజున నా ఇంగ్లీషు ఇంటర్వ్యూ

ప్రగతి నగర్ వైపు నుంచి హైటెక్ సిటీకి ఇంటర్వ్యూలకు వెళ్లేవాళ్లు దారి గురించి అడుగుతుంటారు. మామూలు రోజుల్లో అది గంట ప్రయాణం. జేఎన్‌టీయూ దాకా షేర్ ఆటో, అక్కడి నుంచి బస్సు, అన్నీ కలిపి పాతిక రూపాయల లోపే. నేను వెళ్లింది మాత్రం తెలంగాణ కోసం బంద్ పిలుపిచ్చిన రోజున. బస్సులు లేవు, లోకల్ రైళ్లు లేవు. అయినా వెళ్లక తప్పదనుకున్నాను, ఎందుకంటే అది నా మూడో ఇంటర్వ్యూ. మొదటి రెండింటిలో నా గురించి నాలుగు వాక్యాలు బట్టీ పట్టి అప్పజెప్పాను. ఐదో వాక్యం అడగ్గానే నోరు పెగల్లేదు. మాది అనంతపురం, డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, మాట్లాడాలంటేనే వచ్చేది కాదు.

రెండోసారి కూడా తప్పాక మా వీధిలోని ఇంటర్నెట్ సెంటర్‌లో మూడు నాలుగు నిమిషాల ఇంగ్లీషు వీడియోలు ఫోన్ మెమరీ కార్డులోకి ఎక్కించుకోవడం మొదలుపెట్టాను. అవి గ్రామర్ పాఠాలు కావు. ఉప్పు ఎలా తీస్తారు, రోడ్డు ఎలా వేస్తారు, గడియారం ఎలా బాగుచేస్తారు, తిమింగలాలు ఒడ్డుకు ఎందుకు కొట్టుకొస్తాయి, ఇలా ఏది దొరికితే అది. రోజుకొకటి మూడుసార్లు చూసి, ఫోన్ పక్కన పెట్టి, ఆరో తరగతి చదివే మా అమ్మాయి శ్రావణికి అదంతా ఇంగ్లీషులో చెప్పేదాన్ని. తను హోంవర్కు రాసుకుంటూనే నా తప్పులు పట్టేది. ఐదు నెలలయ్యేసరికి తప్పులు పట్టడం మరిచిపోయి, “తర్వాత ఏమైందమ్మా?” అని అడగసాగింది. అప్పుడే మళ్లీ దరఖాస్తు పెట్టాను.

ఇంటర్వ్యూ రెండు గంటలకు. పదిన్నరకే చెప్పులు మార్చి, మంచి చెప్పులు సంచిలో వేసుకుని బయల్దేరాను. చెరువు పక్కనుంచి నడిచి, నిజాంపేట రోడ్డు పట్టుకుని, పావుతక్కువ పన్నెండుకి జేఎన్‌టీయూ దగ్గర మెయిన్ రోడ్డుకి చేరాను. అక్కడ అడుగు వేసే సందు లేదు. రోడ్డు మధ్యలో రాళ్ల పొయ్యిలు పెట్టి వంటా వార్పూ చేస్తున్నారు. అన్నం గుండిగల ఆవిరి, డప్పుల మోత, గులాబీ జెండాలు. పక్కనుంచి తప్పుకుపోదామనుకుంటే, పప్పు కలుపుతున్న ఒక పెద్దావిడ గరిటె ఆపి ఏడికి పోతున్నావని అడిగింది. నోరు విప్పితే నా యాస తెలిసిపోతుందని భయమేసింది. అయినా చెప్పాను.

“ఇంటర్వ్యూకి పోవల్లక్కా. హైటెక్ సిటీకి.”

ఆమె నన్ను ఎగాదిగా చూసి ఊరు అడిగింది. అనంతపురం అన్నాను. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నావైపు తిరిగారు.

“కొట్లాట మాకు సర్కారుతోని, నీతోని గాదు బిడ్డా,” అందామె. “మొఖం జూడు ఎట్ల వాడిపోయిందో. కూసో, తిని పో.”

విస్తరాకులో వేడి అన్నం, పప్పు, మామిడికాయ తొక్కు వేసి ఇచ్చారు. రోడ్డు మీదే కూర్చుని తిన్నాను. ఆమె పేరు లక్ష్మమ్మ అని అప్పుడు తెలిసింది. నేను చెయ్యి కడుక్కునేలోపు తన మేనల్లుడు మల్లేశ్‌ని పిలిచి, నన్ను జర దింపి రమ్మంది. అతని ఆటోకి ముందు జెండా ఉంది కాబట్టి ఎవరూ ఆపలేదు. కాలనీ లోపలి సందుల గుండా తిప్పి తీసుకెళ్తూ, ఇంగ్లీషు ఎట్ల నేర్చినవని అడిగాడు. వీడియోల సంగతి చెప్పాను. “తిమింగలాలకు, నౌకరికి ఏం సంబంధం అక్కా?” అన్నాడు. హైటెక్ సిటీ రైల్వే స్టేషన్ దగ్గర పోలీసులు అడ్డంగా బారికేడ్లు పెట్టారు. డీజిల్‌కని యాభై ఇస్తే ముప్ఫై తీసుకుని మిగతాది తిరిగిచ్చాడు. అక్కడి నుంచి సైబర్ టవర్స్ చౌరస్తా దాటి ఆ ఆఫీసుకి నడిస్తే అరగంట పట్టింది.

అది విదేశీ ప్రయాణికుల హోటల్ బుకింగులు చూసే కంపెనీ. లోపల సగం కుర్చీలు ఖాళీ. ఎదురుగా కూర్చున్న మేడమ్ నా కాగితాలు చూడనే లేదు. నా చీర అంచుకి అంటిన దుమ్ము చూసి, ఈ బంద్‌లో ఇక్కడికి ఎలా వచ్చారని ఇంగ్లీషులో అడిగింది. బట్టీ పట్టినదేదీ దీనికి పనికిరాదు. ఎదురుగా శ్రావణి కూర్చున్నట్టు అనుకుని మొదలుపెట్టాను. రోడ్డు వీడియోలో విన్న ‘డీటూర్’ చుట్టుదారి అని చెప్పడానికి పనికొచ్చింది. ఎటూ కదల్లేక చిక్కుకుపోయానని చెప్పడానికి తిమింగలాల ‘స్ట్రాండెడ్’ తనంతట తనే వచ్చింది. మల్లేశ్ అడిగినదానికి జవాబు దొరికిందని లోలోపల అనుకున్నాను. రెండుచోట్ల తడబడ్డాను, అయినా ఆగలేదు. ఆమె పెన్ను కింద పెట్టి వింటోంది. ఆ జనంలో భయపడ్డారా అని అడిగింది. అవును, అన్నం తినేదాకా భయపడ్డాను అన్నాను. ఆమె నవ్వింది. నాలుగున్నరకి ఉద్యోగం వచ్చిందని చెప్పారు, పగటి షిఫ్టే.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేశాను. శ్రావణి ఇంగ్లీషులో అడిగింది, నేను ఇంగ్లీషులో చెప్పాను, ఇద్దరం మధ్యలోనే తెలుగులోకి దిగిపోయాం. ఆరు తర్వాత బస్సులు కదిలాయి. కిటికీ పక్క సీటు దొరికింది. అన్నేళ్లుగా ఇంగ్లీషంటే ఎవరో పరీక్ష పెట్టి తప్పులు లెక్కపెట్టేదని అనుకున్నాను. చెప్పడానికి నా దగ్గర ఏదైనా ఉంటే, ఎదుటివాళ్లు వినడానికే కూర్చుంటారని ఆ రోజు తెలిసింది. బస్సు కూకట్‌పల్లి చేరేదాకా భుజాల మీదనుంచి మూట దించుకున్నట్టే ఉంది.

మీకు ఒక్కటే సలహా. బంద్ రోజున ఇంటర్వ్యూ పడితే ముందురోజే ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోండి. ఆ రోజు రావాల్సిన మిగతావాళ్లంతా అలాగే ఫోన్ చేసి వచ్చే వారానికి మార్చుకున్నారట. నేనూ నంబరు నొక్కాను గానీ, అవతల ఎత్తినవాళ్లతో ఇంగ్లీషు మాట్లాడాల్సి వస్తుందని భయపడి పెట్టేశాను.