చిన్నమ్మ కొంగులో బెల్లం ముక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో రోజూ వరి అన్నం వండడం అప్పుడప్పుడే మొదలైంది. అంతకు ముందు పూటపూటకీ జొన్న రవ్వ ఉడికించిన గటకే. పొలంలో బావి తవ్వాక నాలుగు గింజలు పండి కంచంలోకి తెల్లటి అన్నం వచ్చేసరికి, మనం కూడా మనుషుల్లో పడ్డామని ఇంటిల్లిపాదికీ అనిపించింది. మానుకోట వైపు గూడూరు దగ్గర అడవి అంచున ఉన్న మా ఊళ్ళో అప్పట్లో అదే పెద్ద గౌరవం. ఆ అన్నం కంచం దగ్గరే నేను ఒక మనిషి మీద తప్పుడు తీర్పు చెప్పాను. ఇన్నేళ్ళూ దాన్ని మోసీ మోసీ అలసిపోయాను, ఇప్పుడు చెబుతున్నాను.

మా అమ్మ, బాపు తెల్లవారేసరికి పొలంలో ఉండేవారు. ఇల్లు, పొయ్యి మా చిన్నమ్మవి. ఆమె బాపు తమ్ముడి భార్య, రేగొండ వైపు నుంచి వచ్చిన కోడలు. మాట తక్కువ. ఎవరైనా ఒకటి అంటే తిరిగి ఒకటి అనడం చేతకాదు. ఆమె మీద నాకు పెద్ద ప్రేమేమీ లేదు. నా ప్రేమంతా మా బాపమ్మ మీదే. బాపు వాళ్ళ అమ్మ ఆమె. నన్ను పక్కలో పడుకోబెట్టుకునేది, నా తల దువ్వేది, ఎవరైనా నన్ను కసిరితే వాళ్ళ ఏడు తరాలనూ తిట్టిపోసేది.

ఆ ఏడు బాపమ్మ కాలికి ముల్లు గుచ్చుకుని పుండైంది. ఎన్ని ఆకు పసర్లు పోసినా మానలేదు. చిన్నమ్మే పట్టుబట్టి, బండి కట్టించి మానుకోటకు తీసుకుపోయి, అక్కడి నుంచి రైలెక్కించి డోర్నకల్‌లో ఒక డాక్టరుకు చూపించుకొచ్చింది. ఆ మరునాటి నుంచి బాపమ్మ కంచం మారిపోయింది. మా అందరికీ వరి అన్నం, ఆమెకు మాత్రం గటక, లేదంటే ఒక జొన్న రొట్టె. బెల్లం కుండ ఉట్టి మీదికి ఎక్కింది.

“అత్తకు చక్కెర రోగమట. అన్నం, తీపి ఎక్కువ పెట్టొద్దన్నడు డాక్టరు” అని చిన్నమ్మ అడిగినవాళ్ళకల్లా చెప్పింది. ఒక్కరూ నమ్మలేదు. మా దిక్కు అప్పటికి ఆ రోగం పేరు విన్నవాళ్ళే తక్కువ. “గటక తాగి బతికినోళ్లకు చక్కెర రోగమేంది? చక్కెర మొఖం సూసినమా మనం?” అని బావి దగ్గర ఆడవాళ్ళు విరగబడి నవ్వారు.

వాళ్ళతో పాటు నేనూ నవ్వాను. నవ్వి ఊరుకున్నా బాగుండేది. “మా చిన్నమ్మ బాపమ్మకు అన్నం పెడ్తలేదు, ఆమె వంతు గూడ తనే తింటున్నది” అని చెప్పాను. ఆ రెండో ముక్క నేను కలిపింది. తొమ్మిదేళ్ళ పిల్ల అబద్ధమాడుతుందని ఎవరనుకుంటారు? వాళ్ళు నోటి మీద చేతులు వేసుకుని వింటుంటే నాకు గొప్పగా అనిపించింది. నిప్పు లేనిదే పొగ రాదు అనుకుంది ఊరు. నాలుగు రోజుల్లో మా చిన్నమ్మ, అత్తను మాడ్చే కోడలైపోయింది.

మధ్యాహ్నం పూట చిన్నమ్మ బట్టలు ఉతకడానికి వాగుకు పోయేది. అప్పుడు బాపమ్మ నన్ను దగ్గరికి పిలిచేది. “బిడ్డా, నోరంత చేదున్నది. జర బెల్లం ముక్క తెచ్చియ్యవా” అనేది. పీట వేసుకుని ఉట్టి అందుకుని, నా నోటుబుక్కులోంచి కాగితం చింపి పొట్లం కట్టి ఇచ్చేదాన్ని. ఆమె కళ్ళు మూసుకుని చప్పరించేది. మిగిలింది దిండు కింద దాచుకునేది. ఇలా రోజూ జరిగింది. చిన్నమ్మ మీద నేను గెలుస్తున్నాననే అనుకున్నాను.

రోజూ పొద్దున్నే ఆ పుండు కడిగి గుడ్డ కట్టేది కూడా చిన్నమ్మే. ఆ వాసనకు మేమెవరం ఆ గదిలో నిలబడేవాళ్ళం కాదు. ఆమె ముక్కుకు కొంగు కూడా అడ్డం పెట్టుకునేది కాదు. అది నా కళ్ళతో నేను చూశాను. చూసి కూడా నా మనసు మారలేదు, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

వానాకాలం పోయేలోపు కాలు నల్లబడింది. జ్వరం పట్టుకుంది. బాపమ్మ పోయింది.

మూడోనాడు పిట్టకు పెట్టడం మా ఆచారం. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, కాల్చిన చోటికి తీసుకుపోయి, విస్తట్లో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముడితే ఆ ప్రాణం తృప్తి పడ్డట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. ఆ రోజు వరి అన్నం, కోడికూర, కల్లు అన్నీ పెట్టారు. కాకులు చెట్ల మీద కూర్చుని చూస్తున్నాయే తప్ప ఒక్కటీ దిగలేదు. ఎండ నెత్తికెక్కింది. బాపు ముందుకుపోయి దండం పెట్టి, “నీ బిడ్డను, నా చెల్లెను మంచిగ సూసుకుంట అవ్వా” అన్నాడు. అయినా రాలేదు.

బాపు చెల్లెలు, మా మేనత్త, అప్పటిదాకా పళ్ళు కొరుకుతూ నిలబడింది. ఇక ఆగలేకపోయింది. “ఎట్ల ముడ్తది? కడుపు మాడ్చి సంపిరి గదా నా తల్లిని! బతికినప్పుడు పెట్టని అన్నం ఇప్పుడు పెడ్తె తింటదా?” అని చిన్నమ్మ ముఖం మీదే అంది. ఎవరూ అడ్డుపడలేదు. బాపు తల వంచుకున్నాడు.

చిన్నమ్మ విస్తరి దగ్గరికి నడిచింది. మెల్లగా కొంగు ముడి విప్పింది. అందులో ఒక పొట్లం ఉంది. పొట్లంలోని బెల్లం ముక్కను విస్తట్లో పెట్టి, కాగితాన్ని మడిచి మళ్ళీ కొంగులో ముడి వేసుకుంది. మడిచేలోపు నేను చూశాను. పన్నెండో ఎక్కం. తప్పు రాసి నేనే కొట్టేసిన అంకెలు. అది నా నోటుబుక్కు కాగితమే.

కాసేపటికి ఒక కాకి దిగి విస్తట్లో ముక్కు పెట్టింది. బెల్లం కోసమే వచ్చిందో, ఆకలేసి వచ్చిందో నాకు తెలియదు. మేనత్త మాత్రం గుండెలు బాదుకుంది. “సూసిన్రా? బెల్లం ముక్కకు పానం కొట్టుకున్నది నా తల్లి. గది గూడ ఇయ్యలే ఈమె!” అంది. అందరూ తలలూపారు. “నేను ఇచ్చిన” అన్న ఒక్క మాట చెప్పకుండా నేను వెనక్కి జరిగాను.

ఇంటికి వచ్చాక చిన్నమ్మ పొయ్యి ముందు కూర్చుని ఆ కాగితాన్ని మంటలో వేసింది. నేను వెనకే నిలబడి వెక్కుతున్నాను.

“అత్త పక్కబట్టలు తీస్తుంటె దిండు కింద దొరికింది” అంది, నా వైపు తిరక్కుండానే.

“మరి అందరికి ఎందుకు చెప్పలే చిన్నమ్మా?”

“చెప్తె నిన్ను బతకనిస్తరా? పసిదానివి. నన్నంటే నేను పడ్త.” పుల్లను పొయ్యిలోకి తోసి, “అత్త అంత బతిమాలుతుంటె నాకూ ఇయ్యాలనే ఉండె బిడ్డా” అంది. అప్పుడు ఏడ్చింది. బాపమ్మ పోయినప్పటి నుంచి ఆమె ఏడవగా నేను చూడటం అదే మొదలు.

ఆ బెల్లం వల్లే బాపమ్మ పోయిందా అంటే ఇప్పటికీ చెప్పలేను. ఆ రోజుల్లో ఆ పుండు ఎలాగూ మానేది కాదేమో. కానీ చిన్నమ్మకు ఆ పేరు మాత్రం నావల్లే వచ్చింది, ఆమె ముసలిదయ్యేదాకా పోలేదు. రేపు చెబుదాం, మాపు చెబుదాం అనుకుంటూనే నాకు పెళ్ళయింది, పిల్లలయ్యారు, తల నెరిసింది.

మొన్నామధ్య చిన్నమ్మ కూడా పోయింది. ఆమె పిట్టకు పెట్టిన రోజున, కాకి ఎగిరిపోయాక, అందరినీ ఆపి జరిగిందంతా చెప్పాను. మేనత్త లేదు, బాపు లేడు, బావి దగ్గర నవ్విన ఆడవాళ్ళలో ఒక్కరూ లేరు. ఉన్న పిల్లలు మర్యాదకు విన్నారు. “ఎప్పటి ముచ్చటనో అవ్వా, పా, ఎండ కొడ్తున్నది” అన్నాడు ఒకడు. వినవలసినవాళ్ళంతా వెళ్ళిపోయాక నాకు నోరు వచ్చింది.

ఇప్పుడు నాకూ చక్కెర ఉంది. నా కోడలు చిన్న గిన్నెతో కొలిచి అన్నం పెడుతుంది. ఇంకో ముద్ద తినాలని ఉంటుంది, అడగను. పక్కింటామె అప్పుడప్పుడు గోడ మీంచి నా కంచంలోకి చూసి, “గింతేనా పెట్టేది?” అంటుంది. మోకాళ్ళు పట్టేసినా సరే, కంచం అక్కడ పెట్టి వాకిట్లోకి వస్తాను. “నాకు చక్కెరున్నది. నా కోడలు నన్ను కన్నతల్లి లెక్క సూసుకుంటున్నది” అని వాడకట్టంతా వినేలా చెబుతాను. ఆమె ఒకసారి అడిగితే నేను రెండుసార్లు చెబుతాను. రెండోసారి చెప్పేది మా చిన్నమ్మ కోసం.