ఏప్రాన్ ముడి ఏ పక్కన

కరోనా రెండో ఏడు వేసవిలో లాక్‌డౌన్ సడలించగానే, జర్మనీలో మ్యూనిక్ పక్కనున్న గార్చింగ్‌లోని మా తెలుగు ఆడవాళ్ళకి డిర్న్‌డల్ పిచ్చి పట్టుకుంది. బవేరియా ఆడవాళ్ళు పండగలకి వేసుకునే బిగుతు రవిక, కుచ్చుల గౌను, పైన ఏప్రాన్, అదీ డిర్న్‌డల్ అంటే. అందరూ ఆన్‌లైన్‌లో తెప్పించారు. పాలిస్టర్! మోకాళ్ళ పైకి గౌను! దాని మీదికి జుంకాలు! పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమంటే ఇదే. పైగా మా ఇంటి ఓనరమ్మ పెరట్లో ఫొటోలట.

నాకు ఒళ్ళు మండింది. నాకు తెలుసు కదా మరి! లాక్‌డౌన్‌లో ఓనరమ్మ తన తల్లి నాటి డిర్న్‌డల్‌లు ఎండకి ఆరేస్తుంటే, దూరంగా నిలబడి అడిగి అడిగి నేర్చుకున్నాను. అసలైనదాన్ని తిరగేసి చూడాలి. కుచ్చులు చేత్తో వేసి ఉంటాయి. గుండీలు కొమ్ముతో చేసినవి. ఒళ్ళు చేస్తే విప్పుకోవడానికి కుట్టు లోపల బట్ట వదిలి ఉంటుంది. ఏప్రాన్ ముడి ఎడమ పక్కనుంటే పెళ్ళి కానిది, కుడి పక్కనుంటే పెళ్ళయినది, వెనకుంటే భర్త పోయినది.

ఆ రోజు అందరి ముడులూ నేనే విప్పి కట్టాను. "ఇద్దరు పిల్లల తల్లివి, ఎడం పక్కన ముడేంటమ్మా, సంబంధాలు చూడమంటావా?" అని ఒకావిణ్ణి దులిపేశాను.

"ఎవరు చూడొచ్చారు వదినా, ఫొటోకేగా" అందావిడ. ఫొటోకేనట! వీళ్ళకి ఏదైనా ఫొటోకే.

ఆఖరికి మా పైవాటా అమ్మాయి వచ్చింది. జబ్బుపడ్డ తండ్రిని చూడ్డానికి హైదరాబాద్ వెళ్ళిన ఆమె భర్త, రెండు నెలల క్రితం అక్కడే కరోనాతో పోయాడు. అంత్యక్రియలు ఈమె ఫోన్‌లో చూసింది. ఇక్కడ ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. "ఎవరికీ చెప్పకు అక్కా. ఫ్లైట్లు లేక డాడీ ఆగిండని పాపకు చెప్పిన. నేనే మెల్లగ చెప్పుకుంట" అని నాచేత ఒట్టు వేయించుకుంది. పాపకి ఐదేళ్ళు. పగలంతా కీటాలో, అంటే ఇక్కడి చిన్నపిల్లల బడిలో, ఆడుకునే పిల్ల, ఏమడిగినా జర్మన్‌లోనే జవాబు. ఫొటోలకి రానన్న తల్లిని ఆ పాపే లాక్కొచ్చింది.

ఆమె ఏప్రాన్ ముడి దగ్గర నా చేతులు ఒక్క క్షణం ఆగాయి. కుడి పక్కన కడితే అబద్ధం. ఈ పాలిస్టర్ మందలో వెనక ముడికి అర్థం తెలిసిన మొహం ఒక్కటైనా ఉందా? లేదనుకుని, పద్ధతి ప్రకారం వెనక్కి కట్టాను. గర్వంగా కూడా అనిపించింది, సిగ్గులేనిదాన్ని.

ఓనరమ్మ కాఫీ పట్టుకుని బయటికొచ్చింది. ముడి చూసింది. ట్రే బల్ల మీద పెట్టి, మాస్కు పైకి లాక్కుని, ఆ అమ్మాయి దగ్గరికొచ్చి జర్మన్‌లో అడిగింది. "అయ్యో, మీవారు చనిపోయారా? నాకెవరూ చెప్పనేలేదే! ఎప్పుడు?"

పెరట్లో ఉన్నవాళ్ళలో సగం మందికి ఆ మాట అర్థం కాలేదు. పాపకి అర్థమైంది. తల్లి గౌను పట్టుకుని, "మమ్మీ, డాడీ చచ్చిపోయిండా?" అని మొదటిసారి తెలుగులో అడిగింది.

తల్లి గడ్డిలో కూలబడి పాపని ఒళ్ళోకి లాక్కుంది. నేను వంగి ముడి విప్పబోయాను. చేతులు కాలాక ఆకులు! ఆమె నా చెయ్యి తోసేసింది.

"నీ పద్ధతి ఒక్క రోజు తప్పితే ఏమైతుండె అక్కా?" అంది.