సులువైనవి ముందు

పావగడలో పొద్దున బస్సెక్కి తిరుమణి వైపు పోతుంటే, కొంత దూరం దాటాక రోడ్డుకు రెండు పక్కలా సోలార్ పలకలు తప్ప ఇంకేమీ కనబడవు. ఆ పలకల నడుమ మిగిలిన ఒక ఊళ్ళో, హైస్కూల్లో నేను సాంఘిక శాస్త్రం టీచర్ని. జనవరి వచ్చిందంటే పదో తరగతికి నేను చెప్పేది చరిత్రా కాదు, భూగోళమూ కాదు, పరీక్ష గట్టెక్కే ఉపాయాలు. మాది కర్ణాటక, పుస్తకం కన్నడంలో ఉంటుంది, ఇంట్లో మాట తెలుగు. పాఠం వాళ్ళ తలకెక్కేలోపల ఏడాది అయిపోతుంది. ఇక ఉపాయాలే గతి.

అవి ఏమంత గొప్పవి కావు. ప్రశ్నపత్రం చదువుకోవడానికి మొదట ఇచ్చే సమయంలో తెలిసిన ప్రశ్నలు ఏవో మనసులో గుర్తు పెట్టుకోవాలి. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోమంటే, కచ్చితంగా కానివి ముందు తీసేయాలి. కారణాలు అడిగితే పేరా రాయకుండా ఒక్కో కారణం ఒక్కో వరుసలో రాయాలి. కట్టలకు కట్టలు దిద్దే మనిషికి అంత ఓపిక ఉండదు, వరుసలు కనబడితే మార్కు వేస్తాడు. ఖాళీ వదలకూడదు. అన్నిటికంటే ముఖ్యం, సులువైనవి ముందు రాసేయాలి. ఒక మార్కువి, రెండు మార్కులవి, ఆ వెంటనే పటం. పెద్దవి చివరికి. ఇది చెప్పీ చెప్పీ నాకే విసుగు పుట్టేది. చదువు చెప్పడానికి వచ్చి గోడ దూకడం నేర్పిస్తున్నానని ఇంట్లో గొణుక్కునేదాన్ని.

ఆ ఏడు నా దిగులంతా ఒక పిల్ల మీద. వాళ్ళకు సెంటు భూమి లేదు. పెద్ద రైతుల చేలల్లో శెనక్కాయకు కలుపు తీసి బతికినవాళ్ళు. ఆ చేలన్నీ సోలార్‌కు గుత్తకు పోయాక రైతులకు ఏటా బాడుగ వస్తుంది, కలుపు తీసేవాళ్ళకు ఏమీ రాదు. తండ్రి బెంగళూరికి కట్టడం పనికి పోతే ఇల్లంతా వెంట పోయింది. పిల్లకు మధ్యలో కొన్నేళ్ళు బడి తప్పింది. తిరిగొచ్చి చేరినప్పుడు తరగతిలో అందరికంటే పెద్దది, పద్దెనిమిది నిండాయి. తల్లి కాంట్రాక్టరు కింద పలకల నడుమ గడ్డి కోసేది. ఆమెకు నడుం పట్టేసి వంగడం కష్టమైంది. ఇంట్లోవాళ్ళు ఎవరైనా వస్తే ఆ చోటు మీకే ఉంచుతానని కాంట్రాక్టరు అన్నాడట. తండ్రి ఒక మాట ఇచ్చాడు. పిల్ల పాసైతే పావగడలో హాస్టల్లో ఉండి పీయూసీ, అంటే ఇంటర్, చదవొచ్చు. తప్పితే తల్లి కొడవలి అందుకోవాలి.

సోషల్ తప్ప మిగిలినవన్నీ దానికి పరవాలేదు. సాయంత్రం బస్సు వచ్చేదాకా బడి ముందర కూర్చోబెట్టి చెప్పేదాన్ని. మా పరీక్షలో అచ్చు పటం ఇవ్వరు, భారతదేశాన్ని చేత్తోనే గీయాలి. ఆ పిల్ల పుల్ల తీసుకుని మట్టిలో గుజరాత్ దగ్గర మొదలుపెట్టి, కన్యాకుమారి చుట్టి, పుల్ల ఎత్తకుండా కాశ్మీరం దాకా గీసేది. నాకంటే బాగా గీసేది. నేను పెట్టిన చిన్న పరీక్షల్లో నేను చెప్పిన వరుసే పాటించేది, ఎప్పుడూ తప్పలేదు. ఇది గట్టెక్కుతుందని హెడ్మాస్టరుతో పందెం కాసినంత ధీమాగా చెప్పాను.

ఫలితాలు వచ్చాయి. సోషల్ ఒక్కటే పోయింది.

బడికి పిలిపించి కడిగేశాను. ఆ పిల్ల గోడకు ఆనుకుని నిలబడి అంతా విన్నది.

"పెద్దవి ముందు రాసినా మిస్," అన్నది.

"ఎందుకు రాసినావే? నెలల తరబడి నేను మొత్తుకునింది ఏంది?"

"పత్రం చూస్తానే భయమేసింది మిస్. చేన్లో మాయమ్మ ఎప్పుడూ ఒకటే చెప్పేది. తుంగ మందంగా ఉండే సాళ్ళు పొద్దున సల్లగా ఉన్నప్పుడే తీసెయ్యల్ల, తేలికవి ఎండెక్కినాక తీసుకోవచ్చు అని. ముందు తేలికవి పట్టుకుంటే మధ్యాన్నం తుంగ దగ్గర సచ్చిపోతాము గదా. నాకు అదే తోచింది. పెద్దవాట్ల దగ్గరే టైమంతా అయిపోయింది. పటం గుజరాత్ దగ్గర మొదలుపెట్టినానో లేదో, గంట కొట్టేసినారు."

కూలి ఆడవాళ్ళందరూ అట్లాగే చేస్తారు, నేను చిన్నప్పుడు మా చేలోనే చూశాను. గట్టు మీద నిలబడి చూసినదాన్ని, వాళ్ళతో వంగి సాలు పట్టినదాన్ని కాదు. అది తప్పని ఎట్లా అంటాను? చేనికి గంట కొట్టరు, అంతే తేడా. అసలు ఆ చేలే లేవిప్పుడు. ఆ పని పోయింది, పద్ధతి మాత్రం దాని చేతుల్లో మిగిలిపోయి పరీక్ష మీదికి వచ్చింది.

ఇప్పుడు తప్పినవాళ్ళకు ఆ ఏడే ఇంకో పరీక్ష ఉంటుంది. వాళ్ళింటికి పోయాను. తల్లి అరుగు మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుని ఉంది. పిల్ల అప్పటికే పనిలో చేరిపోయింది.

"ఒక్క దినం పంపితే చాలమ్మా," అన్నాను.

"పంపుతాము మేడమ్. కాంట్రాక్టరు ఆయప్పను అడిగినాము, పొమ్మన్నాడు," అన్నది తల్లి. "పని పోకుండా ఉంటే సాలు మాకు."

ఆ నెలంతా ఆదివారాలు పోయి చెప్పాను. ఈసారి పాఠాలు ముట్టుకోలేదు, చేతులకే నేర్పాను. పాత ప్రశ్నపత్రం ముందు పెట్టి, గడియారం పెట్టి, పెద్ద ప్రశ్న మీదికి దాని చూపు పోతే మోకాలి మీద ఒకటి వేసేదాన్ని. అది నవ్వేది. పనికి పోయి నల్లబడింది, అరచేతులు కాయలు కాచాయి, పెన్ను పట్టుకుంటే వేళ్ళు నొప్పి అనేది. అయినా వరుస తప్పలేదు.

పరీక్ష రోజు పావగడలో కేంద్రం గేటు దగ్గర నిలబడ్డాను. తెలిసిన పిల్లలు ఒకరొకరే లోపలికి పోయారు. వాళ్ళ ఊరి నుంచి వచ్చే బస్సు వచ్చింది, అందులో ఆ పిల్ల లేదు. తర్వాతి బస్సులోనూ లేదు. గంట కొట్టి గేటు మూసేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పరీక్ష అయ్యాక ఒక పిల్లవాడి దగ్గర ప్రశ్నపత్రం అడిగి తీసుకుని, ఆ పిల్ల ముఖాన కొట్టి నాలుగు చీవాట్లు పెట్టాలని బస్సెక్కాను.

ప్లాంటు గేటు దగ్గర కూలి ఆడవాళ్ళు జీపు కోసం నిలబడి ఉంటే బస్సు ఆపించి దిగాను. ఆ పిల్ల నన్ను చూసి, కూలివాళ్ళకిచ్చే పచ్చ జాకెట్టు జిప్పు సర్దుకుంటూ ముందుకొచ్చింది.

"పెద్ద సార్లు చూసేకి వస్తారంట మిస్. ఎవురికీ సెలవు లేదు, పోయేవాళ్ళు పోండి, మళ్ళ రావద్దు అన్నాడు కాంట్రాక్టరు," అని చెప్పి, "పత్రం ఉండాదా మిస్?" అని అడిగింది.

ఇచ్చాను. నిలబడే చదివింది. ఒక మార్కువి గబగబా చెప్పేసింది. తర్వాత రెండు మార్కులవి. పటంలో గుర్తించాల్సిన చోట్లు అరచేతి మీద వేలితో చూపించింది. పెద్దవాటిలో రెండింటికి కారణాలు ఒక్కొక్కటిగా చెప్పింది. నేను ఊ కొడుతూ లోపల మార్కులు కూడుతున్నాను. పాసు మార్కు దాటింది. ఇంకా చెబుతూనే ఉంది. నేను కూడడం ఆపేశాను.

"ఇవన్నీ రాసింటే పాసయ్యేదాన్నా మిస్?"

కాదని చెప్పి ఉంటే బాగుండేదేమో. కానీ మార్కులు ఉన్నవి లేవనడం నాకెప్పుడూ చేతకాలేదు.

"అయ్యేదానివమ్మా. బాగానే అయ్యేదానివి."

దాని ముఖం ఎంత విప్పారిందో చెప్పలేను. తప్పినవాళ్ళకు మూడో పరీక్ష కూడా ఉందని చెప్పబోయాను. అంతలో జీపు వచ్చింది. పత్రం నా చేతిలో పెట్టి పరుగెత్తుకుంటూ పోయి ఎక్కింది.

"అక్కా, నేను పాసంట. మా మిస్సే చెప్పింది," అన్నది లోపలివాళ్ళతో.

"మేలాయె పోమ్మా," అని ఒకామె జరిగి చోటిచ్చింది. జీపు కదిలింది. దానికి ఆ మాట చాలిపోయిందని, ఇక ఎన్ని పరీక్షలున్నా రాయడానికి రాదని నాకు అర్థమైంది. రోడ్డు పక్కన నిలబడి ఏడ్చాను.