సార్‌ను బంకుల మర్చిపోయిన

ఇగో, ముందే చెప్తున్న, నవ్వద్దు! మొన్న ఆదివారం నా పెండ్లిని నేనే పోయి పెట్రోల్ బంకుల విడిచిపెట్టొచ్చిన.

ముందుగాల కావ్య సంగతి చెప్పాలె. నాతోని ఆఫీసుల పని చేస్తది. ఇద్దరం పెండ్లి చేసుకుందామనుకున్నం. మా ఇంట్ల ఒప్పుకున్నరు, వాళ్ల బాపు ఒప్పుకునుడే మిగిలింది. ఆయన రిటైర్డ్ ఇంగ్లీష్ సారు. మొదటిసారి వాళ్లింటికి పోయి "మైసెల్ఫ్ శ్రీకాంత్, సార్" అన్న. అంతే! "మైసెల్ఫ్ ఏందయ్యా? ఐ యామ్ శ్రీకాంత్ అనరాదా?" అని కండ్లద్దాల మీదికెళ్లి చూసిండు.

అసొంటి మనిషి ఫోన్ చేసి, "గజ్వేల్‌ల మా చెల్లె ఇంటికి పోవాలె, నీ బండి మీద తీస్కపో. తొవ్వల ఇంగ్లీషుల మాట్లాడుకుందాం. ఆ తర్వాత పెండ్లి సంగతి చెప్త" అన్నడు. సరే సార్ అన్న.

సిద్దిపేట దాటినమో లేదో మొదలైంది. తప్పు మాట్లాడితే చాలు, ఎనుకకెళ్లి హెల్మెట్ మీద వేలుతోని కొడ్తుండు. "వన్ ఆఫ్ మై ఫ్రెండ్" అన్న. టక్! "ఫ్రెండ్స్!" "వియ్ విల్ డిస్కస్ అబౌట్ మ్యారేజ్, సార్" అన్న. టక్! "అబౌట్ ఎందుకక్కడ?" దుద్దెడ ఊరు వచ్చేసరికి టక్కులు లెక్కపెట్టుడు బంద్ చేసిన.

పెట్రోల్ కోసం అక్కడి బంకుల ఆగినం. సార్ దిగి, మంచినీళ్లు తాగొస్త అన్నడట. నేను ఇననేలేదు. తర్వాతి సెంటెన్స్ మనసుల తయారు చేసుకుంటున్న. ఎనుక కారోడు హారన్ కొట్టిండు. "జరుపున్రి అన్నా" అన్నడు పెట్రోల్ పోసేటాయన. జరిపిన... అట్లనే పోయిన! సార్ సన్నటి మనిషి, బరువు తేడా తెల్వలే.

"ద వెదర్ ఈజ్ బ్యూటిఫుల్, సార్" అన్న. టక్కు లేదు! "యువర్ డాటర్ ఈజ్ వెరీ గుడ్ గర్ల్, సార్." టక్కు లేదు! అరే, ఇంగ్లీష్ వచ్చేసిందిరా నాకు! ఇగ ఆగుతనా? నా చదువు, నా జీతం, అన్నీ చెప్పుకుంట పోయిన. ఆఖరికి "ఐ యామ్ లవింగ్ హర్, సార్!" అని గట్టిగ ఒర్లిన. సప్పుడు లేదు. ఒప్పుకున్నడనుకున్న!

గజ్వేల్‌ల బండి ఆపి, "దిగున్రి సార్" అని తిరిగి చూసిన. సీటు ఖాళీ.

పానం పోయిందనుకోన్రి! తొవ్వల ఏడనన్న పడ్డడా? ఆ రోడ్డు మీద లారీలు యాదికొచ్చినయ్. ఫోన్ తీస్తే అన్నీ ఆయన మిస్డ్ కాల్సే. దేవుళ్లందరికీ మొక్కుకుంట బండిని ఎనుకకు ఉరికిచ్చిన.

సార్ ఆ బంకులనే ప్లాస్టిక్ కుర్చీల కూసోని ఉన్నడు. నాకు ఇంగ్లీషు కాదు, తెలుగు గూడ వస్తలేదు. "సార్... సార్..." అంటున్న. ఆయన లేచొచ్చిండు. బండెక్కి నా నడుం గట్టిగ పట్టుకున్నడు. గజ్వేల్ దాక ఒక్క టక్కు లేదు. అప్పుడు ఇంకా భయమైంది నాకు, ఇగ పెండ్లి లేదని.

నిన్న కావ్య వచ్చి, "బాపు సరే అన్నడు" అన్నది. ఎగిరి గంతేసిన! "గని ఒక షరతు పెట్టిండు. 'పిలగాడు మంచోడే గని, నన్నే మర్చిపోయిండు. రేపు నిన్ను ఏ బంకుల మర్చిపోతడో! బండి నువ్వే నడుపు బిడ్డా, వాణ్ని ఎనుక కూసోబెట్టుకో' అన్నడు."

ఇయ్యాల్టి నుంచే షురూ. ఆమె ముంగట, నేను ఎనుక. పొద్దున బంకు కాడ ఆపి, "దిగు, పెట్రోల్ పోయించాలె" అన్నది.

ఆమె బండి తాళంచెవి నా చేతుల పెట్టినంకనే దిగిన!