సత్యవతి అక్క డాన్సు గదిలో నల్లచుక్కలు

ఏడో తరగతి నేను రెండుసార్లు చదివాను. రెండో ఏడాది మాస్టారు బెంచీ మీద చోటు దండగని నన్ను నేల మీదే కూర్చోబెట్టారు. నేలకీ నాకూ పరిచయం అక్కడే. తర్వాత బడి నన్ను వదిలేసింది గాని నేల వదల్లేదు. భిలాయిలో చెక్క నేలలు తక్కువ కాబట్టి మామూలు రోజుల్లో తలుపులకీ సోఫాలకీ పాలిష్ పెడతాను. ఎప్పుడైనా చెక్క నేల దొరికితే మాత్రం పండగే.

మూడేళ్ల కిందట మార్చిలో అలాంటి పండగొకటి సెక్టర్ 7లో దొరికింది. పిలిచింది సత్యవతి అక్క. మాలాగే విజయనగరం వైపు నుంచి వచ్చిన స్టీల్ ప్లాంటు కుటుంబం. ముందు గదిలో ఆడపిల్లలకి కూచిపూడి నేర్పుతుంది. ఆ గదికి చెక్క నేల వేయించింది ఆమె మామగారు, వేలంలో కొన్న పాత రైలు వేగన్ల పలకలతో. అది సాల్ చెక్క, మన తెలుగులో గుగ్గిలం. సిమెంటు మీద అడుగు కొడితే దెబ్బ మోకాలికి తగులుతుంది, చెక్కయితే సగం తను ఓర్చుకుంటుంది. కాని ఇన్నేళ్లకి పలకలు పేళ్లు లేచాయి. ఒక పాప పాదంలో పేడు దిగి చీము పట్టింది. ఇద్దరు తల్లులు పిల్లల్ని మాన్పించేశారు. మిగతావాళ్లు చూద్దామని ఆగారు.

"సోమవారం సాయంత్రం అయిదింటికి క్లాసు. తల్లులందర్నీ వచ్చి నేల చూసుకోమన్నాను. ఆవేళ కూడా ఇలాగే ఉంటే ఇంక నా క్లాసు లేదనుకో తమ్ముడూ" అంది. "రంగు మాత్రం వెయ్యకు. చెక్క తేటగా ఉండాల. గజ్జెల్లోంచి మువ్వ ఊడినా, పిన్ను పడినా నాకు కనపడాల."

"నేను చేసిన నేల మీద చీమ కూడా జారిపడుద్దక్కా."

"చీమలకి నేర్పడం లేదు నాయనా, పిల్లలకి నేర్పుతున్నాను. జారకుండా చూడు."

మంగళవారం మొదలుపెట్టాను. శాండింగ్ అంటే గరుకు కాగితం బిగించిన మిషన్‌తో చెక్క పైపొర తీసేయడం. కాగితానికి గ్రిట్ అని ఒక నంబరుంటుంది. చిన్న నంబరు ముతక, పెద్దది నునుపు. ముప్పయ్యారుతో మొదలెట్టి నూరు దాకా వచ్చేసరికి గురువారం సాయంత్రమైంది. ఎన్నేళ్లదో మురికంతా పోయి లోపల్నుంచి తేనెరంగు చెక్క తేలింది. చివర్న తడిగుడ్డతో తుడిచాను. తడి తగిలితే చెక్క నూగు లేస్తుంది, ఆరాక ఓసారి గీకేస్తే మళ్లీ లేవదు. త్వరగా ఆరాలని కిటికీలన్నీ బార్లా తెరిచి, ఫ్యాన్ వేసి ఇంటికెళ్లాను.

శుక్రవారం పొద్దున్న తలుపు తీస్తే నేల నిండా నల్లచుక్కలు. ఎవరో ఆవాలు చల్లినట్టున్నాయి. గోటితో గీకాను, పోలేదు. కాగితంతో రుద్దాను, చెక్క అరిగింది గాని చుక్క అరగలేదు. పాతికేళ్ల పనిలో ఇలాంటిది చూడలేదు. అప్పుడు దొంగబుద్ధి పుట్టింది. వాల్‌నట్ స్టెయిన్ అని ముదురు రంగొకటుంది, వేస్తే చుక్కలేమిటి, శవాన్నయినా దాచేస్తుంది. తలుపు మూసి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లాను.

"అక్కా, కాఫీరంగు వేద్దామా? ఫైవ్ స్టార్ హోటల్లా ఉంటుంది. పిల్లలు రూమ్ సర్వీస్ అడుగుతారు."

అక్క నవ్వలేదు. "పొద్దున్నే హోటలెందుకు గుర్తొచ్చింది? తలుపెందుకు మూసీసావు?"

"దుమ్మని..."

"ఏటి దాస్తన్నావు?"

ముదురు నేల మీద పిన్ను కనపడదని ఆమె ముందే చెప్పింది. ఇంకో పాప పాదం నా కళ్లముందు ఆడింది. వెళ్లి తలుపు తీశాను. "చెడగొట్టానక్కా. ఎందుకయ్యిందో నాకే తెలీదు" అన్నాను.

అక్క తిడుతుందనుకున్నాను. ఆమె మాత్రం నేల మీద కూర్చుని ఒక చుక్క మీద వేలు పెట్టింది. లేచి కిటికీ గట్టు మీద అదే వేలు రాసింది. ఎర్రగా, నల్లగా పొడి అంటింది. ఫ్రిజ్ తలుపుకి అంటించిన అయస్కాంతం బొమ్మ తెచ్చి ఆ గట్టు మీద ఆడించింది. పొడి అంటుకుని బొమ్మకి గడ్డం మొలిచింది.

"అరటికాయ కత్తిపీట మీద తరిగి మజ్జిగ నీళ్లలో వెయ్యకపోతే ఏటవుద్ది?"

"నల్లబడుద్ది."

"వగరుకి ఇనుము తగిల్తే అంతే. ఈ చెక్కలోనూ వగరుంది. నీ తడిచెక్క మీద ప్లాంటు నుంచి ఎగిరొచ్చే ఇనపపొడంతా వచ్చి వాలింది. ఇక్కడే పుట్టావు కదేటి? ఈ ఊళ్లో కిటికీ గట్టు తుడవని ఇల్లుందేటి?"

నిజమే. పుట్టిన దగ్గర్నుంచి ఆ పొడి తుడుస్తూనే ఉన్నాను. పనిలోకి వచ్చేసరికి అదొకటుందనే తోచలేదు.

పెయింట్ షాపాయనకి ఫోన్ చేస్తే ఆగ్జాలిక్ యాసిడ్ అన్నాడు. తుప్పు మరకలు తీసే తెల్లపొడి. విషం, చేతికి గ్లవ్స్, మూతికి మాస్కు ఉండాల్సిందే. ఈసారి ముందు కిటికీలు మూశాం, సందుల్లో తడిగుడ్డలు కుక్కాం. అక్క స్టూలెక్కి ఫ్యాన్ రెక్కలు కూడా తుడిచింది. మూలన ఒక పలక మీద ఆ తెల్లపొడి కలిపిన నీళ్లు రాసి ఆగాం. ఇరవై నిమిషాలు. అక్క వరండాలో అటూ ఇటూ తిరుగుతోంది. నేను చతికిలబడి చూస్తున్నాను. అప్పుడు ఆ చుక్కలు బూడిదరంగుకి తిరిగాయి, ఆపైన మాయమయ్యాయి.

సాయంత్రం దాకా మోకాళ్ల మీద, పలక తర్వాత పలక. తర్వాత యాసిడ్ విరగడానికి వంటసోడా కలిపిన నీళ్లు, మళ్లీ మంచినీళ్లు. శనివారం చెక్క ఆరిందా లేదా అని మూడుసార్లు వెళ్లి చెయ్యి పెట్టి చూశాను. నేనక్కడుండగానే ఒక తల్లి ఫోన్, సోమవారం క్లాసు ఉన్నట్టేనా అని.

"దీదీ, మండే పక్కా హై న?"

"పక్కా" అంది అక్క, నా వైపే చూస్తూ.

శనివారం సాయంత్రం చెక్క రంధ్రాలు మూసే సీలర్ పూశాను. ఆదివారం పొద్దున్న పీయూ, అంటే ఆరాక గట్టిపడే పూత. మెరుపు తక్కువది తీసుకున్నాను, జారదు.

సోమవారం అయిదింటికి తల్లులొచ్చి నేలంతా అరచేత్తో రాసి చూశారు. పాదంలో పేడు దిగిన పాప మాత్రం గుమ్మంలోనే ఆగిపోయింది. కాలివేళ్లు ఆనించి చూసింది, వెనక్కి తీసేసుకుంది. నేను బయట స్కూటర్ దగ్గర నిలబడలేక, కూర్చోలేక ఉన్నాను. కాసేపటికి లోపల ఒక అడుగు శబ్దం వినిపించింది. తర్వాత అన్ని అడుగులూ కలిసి.

చెక్కను చూస్తే చాలదు, అది ఏ ఊరి గాలి పీలుస్తోందో కూడా చూడాలని ఆ గదిలో నేర్చుకున్నాను. చెడిన పని మీద రంగు పూసే ముందు, ఆ ఇంటివాళ్లకి చూపించాలని కూడా. చాలాసార్లు మందు వాళ్ల దగ్గరే ఉంటుంది.

నెల తర్వాత అటు వెళ్తే తల్లులంతా వరండాలో ఉన్నారు. నలుగురున్నప్పుడు నా నోరు ఊరుకోదు. "అక్కా, అన్ని నల్లచుక్కలు పడ్డా ఒక్క రోజులో మాయం చేశానా లేదా? ఇలాంటి పనివాడు భిలాయంతా వెతికినా దొరుకుతాడేటి?" అన్నాను.

"దొరకడు తమ్ముడూ" అంది సత్యవతి అక్క. "మిగతావాళ్లు కిటికీలు మూసీసి పనిచేస్తారు."