పొట్టేలు మెడకు నల్లదారం

నా పెండ్లికి ముందటి సంగతి. మా బాపు దబీర్‌పురాల గొర్లు సాదేటోడు. ఒకపారి మా పెద్ద పొట్టేలుకు దవడ కింద ఉబ్బింది. "మస్తు కండవట్టింది భాయ్" అని గల్లీ అంత మెచ్చుకుంటే, బాపు మురిసిపోయి దిష్టికి నల్లదారం కట్టిండు.

గొర్ల కడుపుల పురుగుల గురించి చెప్పనీకి పశువుల డాక్టర్ మా బస్తీకి వస్తే, బాపు ఆ పొట్టేలునే ముస్తాబు చేసి తోలుకపోయిండు. నేను గూడ పోయిన. డాక్టర్ దాని కంటిరెప్ప కిందికి గుంజి చూపిచ్చిండు. లోపల తెల్లగ పాలిపోయి ఉన్నది.

"దవడ కింద ఉబ్బింది కండ కాదు, నీరు. పురుగులు రక్తం తాగినయి. మందు ఎప్పుడో తాపాల్సింది" అన్నడు. ఆడికి వచ్చినోళ్లందరు నవ్విండ్రు. బాపు తల దించుకున్నడు.

మందు తాపినం గాని, ఆ వారమే పొట్టేలు సచ్చిపోయింది. దారం విప్పుకుంట బాపు, "దాని రోగం జూసి మురిసినం గద బిడ్డా" అన్నడు.

ఇప్పుడు మా మనుమడిని ఎవరన్న బొద్దుగున్నడంటే, నాకు ఆ నల్లదారమే యాదికొస్తది.